డిశ్చార్జి అయిన తర్వాత ఎవరిది బాధ్యత?

మా పెద్దక్కను ఆసుపత్రిలో చేర్చిన రోజు వాళ్ళు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "అటెండెంట్ ఎవరు?" పన్నెండు రోజుల తర్వాత పంపించేటప్పుడు అడిగిన చివరి ప్రశ్న, "ఆటో వచ్చిందా?" ఈ రెండింటి మధ్య ఎన్నో పరీక్షలు చేశారు, ఎన్నో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. కానీ ఈ మనిషి ఇంటికి వెళ్ళి ఎట్లా బతుకుతుంది అని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మహిళా సంఘంలో పనిచేస్తూ ఆసుపత్రుల చుట్టూ, పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన దాన్ని. అయినా ఆ ప్రశ్న నాకు తోచలేదు. ఇది రాయడానికి కారణం అదే.

2022 డిసెంబరులో అక్కకు పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్ళు. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో ముప్పై ఏళ్ళుగా ఉంది. కిలోల లెక్కన కూలి. అంటే వేళ్ళు ఎంత చురుగ్గా ఆడితే అంత కూలి. పొద్దున లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళబోతూ పడిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. ఆరోగ్యశ్రీ కార్డుంది కాబట్టి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించగలిగాం. అక్కడ ప్రాణం నిలబెట్టారు. ఆ కృతజ్ఞత నాకు ఎప్పుడూ ఉంటుంది. ఈ వ్యాసంలో నేను అడుగుతున్నది ప్రాణం నిలబడిన తర్వాతి సంగతి.

పన్నెండో రోజు మధ్యాహ్నం డ్యూటీ డాక్టరు వచ్చి, "అమ్మా, ఇంక ఇక్కడ చేసేదేం లేదు. ఇంటికి తీసుకెళ్ళి ఫిజియోథెరపీ చేయించండి" అన్నాడు. ముక్కులోంచి వేసిన గొట్టం ఆ పొద్దునే తీసేశారు. చేతికిచ్చిన కాగితంలో ఆరు రకాల మందులు, పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రావాలని ఒక తేదీ, అన్నిటికంటే కింద "ఫిజియోథెరపీ" అని ఒక్క మాట ఉన్నాయి. ఎవరు చెయ్యాలి, ఎక్కడ, ఎన్నాళ్ళు, రోజుకు ఎన్నిసార్లు, దేనికోసం? ఏమీ లేదు. మందుకు మాత్రం పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత అని రాస్తారు. మనిషిని మళ్ళీ నిలబెట్టే వైద్యానికి మాత్రం మోతాదు రాయరు.

ఇంకొక మాట కూడా ఆ కాగితంలోనే చూశాను. వృత్తి అన్న చోట "హౌస్‌వైఫ్" అని ఉంది. ముప్పై ఏళ్ళు మిరపకాయల ఘాటులో కూర్చుని ఇల్లు నడిపిన మనిషి! ఆమెను అడిగితే చెప్పడానికి మాట లేదు. పక్కనున్న మా మేనకోడల్ని ఎవరూ అడగలేదు. చూస్తే ఆడది, రాసేస్తే హౌస్‌వైఫ్. అప్పుడు దాన్ని చిన్న తప్పు అనుకున్నాను. అది చిన్న తప్పు కాదని తర్వాత తెలిసింది.

ఇంటికి వచ్చాక ఏం జరిగిందో చెబుతాను. స్వచ్ఛభారత్ కింద కట్టిన మరుగుదొడ్డి ఇంటి వెనకాల ఉంది. రెండు మెట్లెక్కాలి, లోపల గొంతుక్కూర్చోవాలి. ఒక కాలు పడిపోయిన మనిషి ఎట్లా కూర్చుంటుంది? మంచం దగ్గరే అన్నీ. మేనకోడలికి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ మానేసింది. తల్లిని లేపడానికి పడిపోయిన చేతినే పట్టుకుని లాగేది. అట్లా లాగకూడదని, పట్టు తప్పిన భుజం కీలు జారుతుందని దానికి ఎవరు చెప్పారు? మూడు వారాల్లో భుజం నొప్పితో అక్క రాత్రిళ్ళు మూలగడం మొదలుపెట్టింది. పక్కింటి వాళ్ళు పావురం రక్తం రాస్తే చెయ్యి వస్తుందన్నారు. బావ పావురాన్ని తెచ్చాడు. నాకు కోపం వచ్చింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపం బావ మీద చూపించాల్సింది కాదు. ఆసుపత్రి ఖాళీగా వదిలేసిన చోట ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

అసలు ప్రమాదం తొమ్మిదో రోజున వచ్చింది. మేనకోడలు తల్లికి రాగిజావ గ్లాసుతో పడుకోబెట్టే తాగించేది. తాగినప్పుడల్లా అక్కకు పొలమారేది. "నీరసంగా ఉంది కదా పిన్నీ, అందుకే" అని చెప్పింది నాకు ఫోనులో. పక్షవాతంలో మాటతో పాటు మింగడం కూడా దెబ్బతినవచ్చు. అట్లాంటప్పుడు తాగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొట్టం తీసే ముందు చెంచాతో నీళ్ళిచ్చి, మింగగలుగుతోందా, దగ్గు వస్తోందా, గొంతు గరగరలాడుతోందా అని చూడాలి. మింగలేకపోతే లేపి నిటారుగా కూర్చోబెట్టి, చిక్కగా ఉన్నది కొంచెం కొంచెంగా చెంచాతో పెట్టాలి, తిన్నాక అరగంటసేపు పడుకోబెట్టకూడదు. ఇదంతా రెండోసారి న్యుమోనియాతో ఐసీయూలో చేర్పించినప్పుడు, అక్కడ ఒక నర్సు పుణ్యమా అని మాకు తెలిసింది. ఆ అమ్మాయి ఐదు నిమిషాల్లో నేర్పింది. ఆ ఐదు నిమిషాలు మొదటి డిశ్చార్జి రోజున దొరికి ఉంటే అక్క రెండోసారి చావు దాకా వెళ్ళి వచ్చేది కాదు.

అంచనా వేయడం అంటే ఏమిటి?

రోగిని ఇంటికి పంపే ముందు ఆమె అవసరాలు ఏమిటో అంచనా వేయాలని మనం అడిగితే, అదేదో విదేశాల్లో జరిగే పెద్ద వ్యవహారం అనుకుంటారు. అదేం కాదు. 1965 నుంచి వాడుకలో ఉన్న బార్తెల్ కొలమానం అని ఒకటుంది. పది ప్రశ్నలు, 100 మార్కులు. తనంతట తాను తినగలదా, స్నానం చేయగలదా, మొహం కడుక్కుని తల దువ్వుకోగలదా, బట్టలు వేసుకోగలదా, మలం అదుపులో ఉందా, మూత్రం అదుపులో ఉందా, దొడ్డికి తనే వెళ్ళి రాగలదా, మంచం మీంచి కుర్చీలోకి మారగలదా, నడవగలదా, మెట్లెక్కగలదా. ఇంతే. దీనికి ఏ స్కానింగ్ మిషనూ అక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు పావుగంటలో చేయగలదు.

ఈ పదింటితో సరిపోదని కూడా అనాలి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైకల్యాన్ని చూసే పద్ధతినే మార్చింది. వైకల్యం ఒంట్లోనే ఉండదని, ఒంటికీ ఆ మనిషి బతికే పరిసరాలకూ మధ్య ఉంటుందని చెప్పింది. అంటే అక్క కాలు ఎంత, మరుగుదొడ్డి మెట్లు అంత. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఇంట్లో నీళ్ళు ఎక్కడున్నాయి? మంచం ఎత్తు ఎంత? పగలు ఇంట్లో ఎవరుంటారు? వాళ్ళకు ఈ పని చేసే ఓపిక, ఇష్టం ఉన్నాయా? జబ్బు రాకముందు ఈమె ఏం పని చేసేది, మళ్ళీ ఏం చేయాలనుకుంటోంది? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు "హౌస్‌వైఫ్" అని ముందే రాసేస్తే, వేళ్ళ కోసం చేయాల్సిన చికిత్స ఎవరికీ గుర్తు రాదు. మంచం మీంచి లేచి కూర్చుంటే చాలు, అదే ఎక్కువ అనుకుంటారు. తొడిమలు తీసే మనిషికి వేళ్ళే ఆస్తి అన్న సంగతి కేసుషీటులో ఎక్కడా ఉండదు.

అంచనా ఒక్కసారి వేస్తే అయిపోదు. పంపేటప్పుడు ఒకసారి, ఇంటికెళ్ళిన రెండు మూడు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూడాలి. పక్షవాతంలో కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే జరుగుతుంది. తర్వాత ఆగిపోదు, నెమ్మదిస్తుంది. ఆ మొదటి నెలల్ని మనం పావురాల వెంట, ఆర్.ఎం.పి. సెలైన్ల వెంట తిరుగుతూ పోగొట్టుకుంటున్నాం.

ఇది స్త్రీల సమస్య ఎందుకయింది?

జబ్బులు మగవాళ్ళకూ వస్తాయి కదా, దీన్ని స్త్రీల పత్రికలో రాయడమెందుకు అని అడగవచ్చు. నేను చూసినంతలో మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఇంటికి పంపించడం అంటే ఒక స్త్రీ మీదికి పంపించడం. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటిపనిలో గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. ఇంట్లో పిల్లల్ని, ముసలివాళ్ళని, రోగుల్ని చూసుకునే పనిలో స్త్రీలు 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు. ఆసుపత్రి మంచం ఖాళీ చేయించినప్పుడు ఆ మంచం పని మాయమైపోదు. ఒక కూతురి చదువులోంచో, ఒక కోడలి కూలిలోంచో ఆ ఖర్చు వస్తుంది. ఆసుపత్రి లెక్కల్లో అది ఎక్కడా కనపడదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టకపోతే పుండ్లు పడతాయి కదా, రాత్రి రెండింటికి ఆ పని చేసేది ఎవరు? పుండు పడ్డాక "సరిగా చూసుకోలేదు" అన్న మాట పడేది ఎవరు?

రెండోది, రోగి స్త్రీ అయినప్పుడు ఇంట్లో ఆమె చికిత్సకు వరుస ఎప్పుడూ చివరే. ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి చేయడానికి రోజుకు 400 రూపాయలు అడిగాడు. అక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడు రోజంతా కూర్చున్నా అంత కూలి వచ్చేది కాదు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. కానీ అక్కడికి ముప్పై కిలోమీటర్లు. పోను రాను ఆటో, తోడు వచ్చే మనిషి కూలి. వారం తిరిగాక బావ, "ఇప్పుడు అది సంపాదించి పెట్టాలా ఏంటి, పడుకోనీ" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఈ ప్రేమ వల్ల ఎంతమంది ఆడవాళ్ళు మంచాలకు అతుక్కుపోయారో! ఇదే బావకు కాలు విరిగినప్పుడు రెండు నెలలు తప్పకుండా కట్టు మార్పించి, నడక నేర్పించింది మా అక్కే. ఆమె సంపాదన మీద ఇల్లు నడిచినా, ఆయన కాలే ముఖ్యమని అందరమూ అనుకున్నాం. నేను కూడా.

మూడోది, స్త్రీలకు వచ్చే కొన్ని కష్టాల్లో ఈ తర్వాతి చికిత్స లేకపోతే అసలు చికిత్సే వృధా. రొమ్ము కాన్సరుకు ఆపరేషన్ చేసి చంకలో గడ్డలు తీసేసినప్పుడు భుజానికి వ్యాయామం మొదలుపెట్టకపోతే చెయ్యి బిగుసుకుంటుంది. కొంతమందికి చెయ్యంతా వాచి బరువెక్కుతుంది. ఆ వాపును మొదట్లోనే గుర్తిస్తే అదుపులో పెట్టవచ్చు. ఆ సంగతి తెలియక, కాన్సరు మళ్ళీ వచ్చిందేమోనని భయపడి ఎవరికీ చెప్పకుండా చీర కొంగు కింద దాచుకున్నవాళ్ళను నేను చూశాను. గర్భసంచి తీసేసిన తర్వాత కొన్ని వారాలు బరువులెత్తకూడదని చెప్పి పంపుతారు. బిందెడు నీళ్ళు మోయకుండా ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందని మాత్రం అడగరు.

కాలిన గాయాల సంగతి మన సంఘాలకు బాగా తెలుసు. కాదు, తెలుసని మనం అనుకుంటున్నాం. కొన్నేళ్ళ క్రితం అత్తింట్లో కాలిన ఒక ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి విషయంలో మేము చాలా గట్టిగా నిలబడ్డాం. మెజిస్ట్రేటు వాఙ్మూలం తీసుకునేలా చూశాం, కేసు పెట్టించాం, పుట్టింటికి చేర్చాం. రెండు నెలల తర్వాత ఆసుపత్రి నుంచి పంపించారు. గాయాలు మానాయని సంతోషించాం. మా వార్షిక నివేదికలో అది విజయం కింద రాసుకున్నాం. ఆరు నెలల తర్వాత కేసు పని మీద వెళ్ళి చూస్తే గడ్డం ఛాతీకి అతుక్కుపోయినట్టు మెడ బిగుసుకుపోయింది, కుడిచెయ్యి భుజం పైకి లేవడం లేదు. జడ వేసుకోలేదు, పిల్లను ఎత్తుకోలేదు. కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుంటుంది. మెడకు, మోచేతికి, చంకకు బద్దలు కట్టి, రోజూ సాగదీస్తూ, మచ్చ మీద ఒత్తిడి ఉండేలా బిగుతు బట్ట తొడిగి, నెలల తరబడి చూడాలి. అప్పటికి ఆ సంగతి మాకెవరికీ తెలియదు. కోర్టు వాయిదాలన్నీ మా డైరీల్లో ఉన్నాయి. ఆమె చెయ్యి ఎంత లేస్తోందన్నది మాత్రం ఎవరి డైరీలోనూ లేదు.

ఆమె విషయంలో ఇంకొక సంగతీ ఉంది. డిశ్చార్జి రోజున "ఇంట్లో ఎవరు చూసుకుంటారు" అన్న ప్రశ్నను అడిగినా, మంచం పక్కన నిలబడిన భర్తనో అత్తనో అడుగుతారు. వాళ్ళే తగలబెట్టిన వాళ్ళయినా సరే. కాబట్టి అంచనా వేయడమంటే రోగితో ఒంటరిగా మాట్లాడటం కూడా. ఆ ఇల్లు ఆమెకు క్షేమమైనదా కాదా అన్నది కూడా వైద్యానికి సంబంధించిన ప్రశ్నే.

చట్టం ఏమంటోంది?

చట్టాలు అసలు లేవని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 98వ సెక్షన్ ఉంది. మానసిక చికిత్స పొందిన వ్యక్తిని పంపించేటప్పుడు, ఆ వ్యక్తితోనూ, ఎవరితో కలిసి ఉండబోతున్నారో వాళ్ళతోనూ సంప్రదించి, ఇకపై ఏ చికిత్స, ఏ సేవలు కావాలో సైకియాట్రిస్టు ప్రణాళిక వేయాలని అది చెబుతోంది. ఎంతవరకు అమలవుతోందన్నది వేరే సంగతి. కనీసం కాగితం మీద హక్కుంది. అదే హక్కు పక్షవాతం వచ్చిన మనిషికి, తుంటి విరిగిన ముసలమ్మకు, కాలిన గాయాలతో ఉన్న అమ్మాయికి ఎందుకుండకూడదు?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 27వ సెక్షన్ పునరావాస సేవలు ఏర్పాటు చేయడం ప్రభుత్వాల, స్థానిక సంస్థల పని అని చెప్పింది, అయితే "ఆర్థిక స్తోమత మేరకు" అని ఒక తోక తగిలించింది. 24వ సెక్షన్‌లో ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భత్యం గురించి మాట ఉంది. కేరళలో మంచాన పడినవారిని చూసుకునే వాళ్ళకు ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 రూపాయల పథకం పెట్టారు. మొత్తం చిన్నదే. కానీ చూసుకోవడం కూడా ఒక పని అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది.

మన దగ్గర ఏముంది? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద ప్రాణాలను కాపాడింది. కానీ అది చికిత్సను ప్యాకేజీలుగా లెక్కగట్టే పద్ధతి. డిశ్చార్జి తర్వాత కొన్నాళ్ళ మందులు, కొన్ని జబ్బులకు ఏడాదిపాటు పరీక్షలు, డాక్టరు సలహా ఉన్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఆరోగ్య ఆసరా మొదలుపెట్టింది. అది మంచిదే. కానీ డబ్బు ఇచ్చారు తప్ప, ఇంటికొచ్చి లేపి నిలబెట్టే మనిషిని ఇవ్వలేదు.

ఇక పింఛను. సదరం సర్టిఫికెట్ కావాలి. పక్షవాతం లాంటి నరాల జబ్బుల్లో సాధారణంగా ఆరు నెలలు ఆగితేగాని వైకల్యం శాతం లెక్కగట్టరు. దానికి వైద్యపరమైన కారణముంది, ఈలోగా కోలుకోవచ్చు కదా అని. మరి ఆ కోలుకునే ఆరు నెలల్లో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 6,000 చేశారు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 చేశారు. ఇది పోరాడి సాధించుకోవాల్సినంత విలువైనదే, తగ్గించమని ఎవరూ అనరు. కానీ మంచాన పడ్డాక 15,000 ఇచ్చే ప్రభుత్వం, మంచాన పడకుండా నాలుగు నెలలు వ్యాయామం చేయించడానికి ఒక మనిషిని పంపలేదా?

ప్రపంచంలో సుమారు 240 కోట్లమందికి, అంటే ముగ్గురిలో ఒకరికి, ఇట్లాంటి పునరావాస చికిత్స వల్ల మేలు జరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల ఆధారంగా చెప్పింది. మన దేశంలో ఫిజియోథెరపిస్టులకు, ఆక్యుపేషనల్ థెరపిస్టులకు జాతీయ స్థాయిలో ఒక చట్టం వచ్చిందే 2021లో. అందుకే డాక్టర్లను మాత్రమే తిట్టి ఊరుకోవడం సరికాదు. వార్డులో ఒక్క నర్సు ఎంతమందిని చూస్తుందో మనకు తెలుసు. ఆమె కూడా స్త్రీయే, ఎక్కువసార్లు కాంట్రాక్టు ఉద్యోగే. కొత్త పని అడిగేటప్పుడు దానికి కొత్త మనుషుల్నీ అడగాలి.

మనలో మనకు ఒక వాదన

ఈ విషయం మా సమావేశంలో పెట్టినప్పుడు ఒక సహచరి గట్టిగా అభ్యంతరం చెప్పింది. "ఇంట్లో వాళ్ళకు నేర్పమని అడుగుతున్నావు. అంటే మళ్ళీ ఆడపిల్లకే కదా నేర్పేది? ఇంటిచాకిరీకి ట్రైనింగు ఇమ్మని మనమే అడుగుతామా?" అంది. ఆ మాటలో నిజం ఉంది. చాలా రోజులు ఆలోచించాను. నేర్పకపోయినా ఆ పని మా మేనకోడలే చేసింది. తెలియకుండా చేసింది, తల్లి భుజం పాడుచేశానని ఇప్పటికీ ఏడుస్తుంది. తెలియకపోవడం స్త్రీలను చాకిరీ నుంచి తప్పించదు. దానిమీద నేరభావాన్ని కూడా మోపుతుంది. అందుకని నేర్పమని అడుగుదాం. కానీ ఇద్దరికి నేర్పాలని, అందులో ఒకరు మగవాడై ఉండాలని అడుగుదాం. బావ మూడో నెలలో నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు మూటలెత్తిన చేతులు, లేపి కూర్చోబెట్టడం ఆయనకు మా పిల్లకంటే సులువుగా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ అడగలేదంతే.

ఇల్లే అన్నిటికీ జవాబు అని నేను అనడం లేదు. ఇల్లు లేని వాళ్ళు, ఒంటరి స్త్రీలు, ఇంటికి వెళ్ళడం క్షేమం కానివాళ్ళు ఉన్నారు. వాళ్ళకోసం కొన్ని వారాలు ఉండి కోలుకునే చోట్లు ప్రతి జిల్లాలో కావాలి.

మన సంఘాలు చర్చించడానికి కొన్ని డిమాండ్లు ఇక్కడ పెడుతున్నాను.

1. ప్రభుత్వ, ఆరోగ్యశ్రీ ఆసుపత్రులన్నిటిలో రోగిని పంపేముందు తినడం, మింగడం, నడవడం, దొడ్డికి వెళ్ళడం, మాట్లాడటం, మానసిక స్థితి, ఇంటి పరిస్థితి అంచనా వేసి తెలుగులో రాసి ఇవ్వాలి. అది లేకుండా ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బులు విడుదల చేయకూడదు.

2. స్త్రీ రోగితో ఒంటరిగా మాట్లాడాలి. ఆమె చేసే పని ఏమిటో ఆమెను అడిగి రాయాలి. "హౌస్‌వైఫ్" అని వాళ్ళంతట వాళ్ళే రాయకూడదు.

3. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల్లో డిశ్చార్జి తర్వాతి ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీలను ఇన్నిసార్లు అని లెక్కగట్టి చేర్చాలి. మండల స్థాయిలో వారానికి కొన్ని రోజులైనా ఈ సేవ ఉండాలి.

4. పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన పెద్ద రోగికి కూడా అట్లాంటి లెక్క ఒకటి ఉండాలి. అయితే ఇది ఉన్న ఆశాల నెత్తిన జీతం లేకుండా ఇంకొక బరువు కాకూడదు. విడిగా మనుషులు, విడిగా వేతనం ఉండాలి.

5. చూసుకునే మనిషికి భత్యం ఇవ్వాలి. అది ఆమె పేరున, ఆమె ఖాతాలో పడాలి.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. ఇకమీదట మనం అండగా నిలబడే ప్రతి కేసులో, డిశ్చార్జి రోజున మనలో ఒకరు అక్కడ ఉండాలి. చేతిలో పది ప్రశ్నలున్న కాగితం ఉండాలి. జవాబు వచ్చేదాకా ఆటో ఎక్కించకూడదు. మా సంఘంలో ఈ పని మొదలుపెట్టాం. మా ఊరి వడ్రంగి ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి, కింద బకెట్ పెట్టేలా తయారుచేశాడు. దానితో అక్క మంచం దిగింది. అంత చిన్న వస్తువు గురించి మాకు చెప్పేవాళ్ళు లేక ఐదు వారాలు పోయాయి.

అక్క ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లో దాకా నడుస్తుంది. కుడిచేతి వేళ్ళు సగం ముడుచుకునే ఉన్నాయి. ఎడమచేత్తో చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తుంది. మాటలు కొన్ని వచ్చాయి. కాలేజీ మానేసిన మేనకోడలు మరుసటి ఏడాది పరీక్ష కట్టి పాసయింది. ఒక ఏడాది పోయింది. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అక్క ముడుచుకున్న తన వేళ్ళను ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పి నాకు చూపించి, "ముందే?" అంటుంది. ముందే చేసి ఉంటే వచ్చేవా అని అడుగుతోంది. కొంతైనా వచ్చేవేమో. ఆ మాట ఆమెకు చెప్పడం నాకు కష్టంగా ఉంది. మీ ప్రాంతాల్లో అనుభవాలు ఏమిటో, డిశ్చార్జి రోజున మీరు ఏం చూశారో రాయండి. అందరివీ కలిపి ఆరోగ్యశాఖ ముందు పెడదాం.